మార్జిన్‌లో ‘ఉండనివ్వు’

పుస్తకాల ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు తప్పులు చూసే పేజీలు, దిద్ది పంపేటప్పుడు ప్రతి కట్ట పైనా ఒక చిన్న చీటీ పెట్టేవాణ్ణి. “తొందరలో చూశాను, తప్పులు మిగిలి ఉంటే క్షమించగలరు.” నిజానికి తొందర ఏమీ ఉండేది కాదు. రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు చదివాకే పంపేవాణ్ణి. అయినా ఆ చీటీ లేకుండా కట్ట నా చేతిలోంచి కదిలేది కాదు.

మూడు నెలలు గడిచాక ఒకరోజు మాస్టారు సొరుగులోంచి రబ్బరుబ్యాండు వేసిన చీటీల బొత్తి తీసి నా ముందు పెట్టారు. అన్నీ నావే. ఒక్కటీ పారేయకుండా దాచారు.

“ఏమయ్యా, లెక్కపెట్టాను. ఇవి 23. నువ్వు చూసిన పేజీల్లో నాకు దొరికిన తప్పులు 11. తప్పుకో క్షమాపణ అనుకున్నా ఇంకా 12 మిగిలాయి. అవి ఎవరికి చెప్తున్నావు?”

నవ్వుతూనే అడిగారు. నేను నవ్వలేకపోయాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది.

మాస్టారు ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఒక ప్రచురణ సంస్థ వాళ్ళ పుస్తకాలకి ఇంటి దగ్గరే కూర్చుని ఆఖరి ప్రూఫు చూసి పెడతారు. దాన్ని ఆయన ‘చివరి చూపు’ అంటారు. ఆ మాటకున్న రెండో అర్థం తెలిసే అంటారు, అదో సరదా ఆయనకి. నేను అదే సంస్థకి బయటి నుంచి మొదటి ప్రూఫులు దిద్దేవాణ్ణి. నా పని ఆయన చేతికి వెళ్ళేది, ఆయన దగ్గర్నుంచి అచ్చుకి. పనితో మొదలైన పరిచయం అది. గురువు కావాలని నేను వెతుక్కోలేదు, శిష్యుడు కావాలని ఆయనా అనుకోలేదు.

అంతకుముందు నాలుగేళ్ళు ఒకచోట ఉద్యోగం చేశాను. అక్కడి అధికారికి ఒక అలవాటు ఉండేది. వారం చివర అందరినీ కూర్చోబెట్టి ఆ వారం దొరికిన తప్పుల్ని గొంతు మార్చి పైకి చదివేవాడు. అందరూ నవ్వేవారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు తల్చుకుంటే ఆయన చదవడం కన్నా నేను నవ్వడమే ఎక్కువ బాధ పెడుతుంది. మూడో ఏటికి ఫోను మోగితే చాలు కడుపులో పట్టేసినట్టయ్యేది. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి, ఎప్పుడో పంపేసిన పేజీలు కళ్ళ ముందు తిరిగేవి. అచ్చయిపోయిన పుస్తకాల్లోని అక్షరాల్ని పడుకుని దిద్దుతుండేవాణ్ణి. ఇక ఓపిక లేక మానేశాను. మానేస్తే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. అధికారి లేడు కానీ ఆ గొంతు మాత్రం నాతోనే వచ్చింది.

అందుకే మాస్టారి మెత్తదనం మొదట్లో నాకు హాయినివ్వలేదు. భయపెట్టింది. ఇవాళ మెత్తగా మాట్లాడినవాళ్ళు రేపు వడ్డీతో సహా వసూలు చేస్తారన్నది నా లెక్క. అరిచేవాళ్ళతో ఎలా ఉండాలో తెలుసు, అరవనివాళ్ళ ముందు కాళ్ళూ చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ రోజుల్లో నా పనిలో ఇంకో రోగం ఉండేది. అతిగా దిద్దడం. ఏ తప్పూ లేని వాక్యాన్ని కూడా అనుమానంతో కొట్టేసి మార్చేవాణ్ణి. ఏదీ దొరక్కపోతే సరిగా చూడలేదంటారేమోనని భయం. ప్రూఫు దిద్దేవాళ్ళకి ఒక గుర్తు ఉంది. పొరపాటున కొట్టేసిన మాటని మళ్ళీ ఉంచాలంటే ఆ మాట కింద వరసగా చుక్కలు పెట్టి, మార్జిన్‌లో ‘స్టెట్’ అని రాస్తారు. లాటిన్ మాట అది, ‘అలాగే ఉండనీ’ అని అర్థం. మాస్టారు దాన్ని తెలుగులో ‘ఉండనివ్వు’ అని రాసేవారు. నేను దిద్దిన పేజీలు ఆయన చూశాక తిరిగి నాకు చూపించేవారు. మార్జిన్ నిండా పెన్సిలుతో సన్నటి అక్షరాల్లో ఉండనివ్వు, ఉండనివ్వు, ఉండనివ్వు. ఒక పేజీలో తొమ్మిది చోట్ల కనిపించింది.

మొదటిసారి చూసినప్పుడు సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఇన్ని అనవసరపు దిద్దుబాట్లు చేశానా అని. ఆయన మాత్రం ఆ పేజీలో నేను సరిగ్గా పట్టుకున్న ఒక తప్పు దగ్గర వేలు పెట్టి, “ఇది నేనైతే వదిలేసేవాణ్ణి” అన్నారు. అంతకు మించి మెచ్చుకోలేదు. అతిగా మెచ్చుకుని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదని ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాదు. బహుశా తెలియకపోవచ్చు, ఆయన పద్ధతే అంత.

ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంది కానీ చెప్పాలి. నేను ఆయన్ని పరీక్షించాను. ఒక కట్ట పూర్తయిపోయినా కావాలని నాలుగు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. ఎంత దూరం వెళ్తే ఆయనలోని అసలు మనిషి బయటికొస్తాడో చూద్దామని. ఐదో రోజు తీసుకెళ్తే పేజీలు తిరగేసి, “ఈసారి ఆలస్యం పని వల్ల కాదు కదా?” అన్నారు. నేను మాట్లాడలేదు. “సరే. కానీ అచ్చువాళ్ళు నా కోసం కూర్చున్నారు. ఇంకోసారి ఆలస్యమయ్యేట్టుంటే ముందు ఒక మాట చెప్పు.” అంతే. గొంతు పెరగలేదు. అలాగని ఏమీ జరగనట్టూ నటించలేదు. నా వల్ల ఇబ్బంది కలిగిందని చెప్పారు, కలిగినంతే చెప్పారు. ఇంటికెళ్తూ దారంతా ఆ రెండు వాక్యాల్నే తిప్పి తిప్పి చూసుకున్నాను, ముల్లు ఎక్కడ దాచారా అని.

అసలు మలుపు ఒక పుస్తకం వల్ల వచ్చింది. మనస్తత్వశాస్త్రం మీద వ్యాసాల సంపుటి ప్రూఫుకొచ్చింది. అందులో ఒక వ్యాసం హవాయి దీవుల్లోని కవాయిలో జరిగిన పరిశీలన గురించి. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల అనారోగ్యం లాంటివి ఒకటికి నాలుగు చుట్టుముట్టిన పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది నిబ్బరంగా, నలుగురితో కలిసి బతకగల మనుషులుగా ఎదిగారు. వాళ్ళని నిలబెట్టిన వాటిలో ఒకటి, తమని తాముగా అంగీకరించిన ఒక్క మనిషైనా ఉండటం. ఆ మనిషి అమ్మానాన్నలే కానక్కర్లేదు. అవ్వ కావచ్చు, పక్కింటివాళ్ళు కావచ్చు, పాఠం చెప్పినవాళ్ళు కావచ్చు.

698 అంకెల్లో తారుమారయ్యే సంఖ్య. అందుకని దాన్ని మూలప్రతితో రెండుసార్లు పోల్చి చూశాను. ఆ తర్వాత ప్రూఫు చూడటం ఆగిపోయింది, చదవడం మొదలైంది. చదివేవాడికి తప్పులు కనపడవు. ఈ పనిలో మొదటి పాఠం అదే, మాట మాట చూడాలి, అర్థంలో పడకూడదు. నేను పడ్డాను. వ్యాసం శీర్షికలో 1955కి బదులు 1995 అని ఉంది. ముద్దక్షరాల్లో. దాన్ని దాటుకుని వెళ్ళిపోయాను.

పుస్తకం అచ్చయ్యాక రచయిత చూసి చెప్పారు. ఆ ఫోను వచ్చినప్పుడు చేతులు నిజంగానే వణికాయి. మాస్టారి ఇంటికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. గుమ్మంలోనే నిలబడి, ఈ పని మానేస్తానని చెప్పాను.

“కూర్చో. బైండింగ్‌కి ఎన్ని వెళ్ళాయట?”

సగం దాకా వెళ్ళాయన్నాను.

“అయితే మిగతా సగంలో పేజీ మార్చొచ్చేమో అడుగుదాం. వెళ్ళినవాటిలో చీటీ పెట్టిద్దాం.” ఫోను తీసి మాట్లాడారు. నా పేరు ఎత్తలేదు. “ఆఖరి ప్రూఫు నాది, నాకూ దొరకలేదు” అన్నారు. అది నన్ను కాపాడటానికి చెప్పిన అబద్ధం కాదు. నిజమే, ఆయనకీ దొరకలేదు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. తప్పు మొత్తం నాదేనని అంత గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

తరవాత కాగితం ఇచ్చి తప్పొప్పుల పట్టిక రాయమన్నారు. పేజీ, పంక్తి, తప్పు, ఒప్పు. నాలుగు గడులు గీసి నింపాను. ఒక్క వరసతో అయిపోయింది.

“ఇంతేనా?” అన్నాను.

“ఇంతే. ఎవరు చేశారన్న గడి అందులో ఉండదు. నువ్వు గీస్తే తప్ప.”

కాసేపాగి, “నీ కన్ను అలాంటి అంకెని వదిలేది కాదే. ఆ వేళ ఏమైంది?” అని అడిగారు. మందలింపు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. అప్పుడు చెప్పాను.

చిన్నప్పుడు హాస్టల్లో ఉండి చదివేవాణ్ణి. నాన్నకి ఉత్తరాలు రాసేవాణ్ణి. ఆయన జవాబు రాసేవారు కాదు. నా ఉత్తరమే తిరిగొచ్చేది, తప్పుల కింద గీతలు గీసి, పైన మూలకి ఎన్ని తప్పులో ఆ అంకె వేసి, చుట్టూ సున్నా చుట్టి. 7. ఇంకోసారి 4. జ్వరం వచ్చిందని రాసిన ఉత్తరం మీద 9 వచ్చింది. జ్వరంలో రాశాను కదా, చేతిరాత కూడా బాగోలేదు. కొన్నాళ్ళకి చిన్న చిన్న వాక్యాలే రాయడం నేర్చుకున్నాను. తెలిసిన మాటలే వాడేవాణ్ణి. ఒకే ఒక్కసారి 0 వచ్చింది. ఆ ఉత్తరంలో నా గురించి ఒక్క ముక్కా లేదు. నాన్న చెడ్డమనిషి కాదు. నా చదువు మీద ఆయనకున్న ఆశ ఆ అంకెల్లో తప్ప బయటికొచ్చే దారి దొరకలేదేమో. అదైనా ఇప్పుడు అనగలుగుతున్నాను. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు.

మాస్టారు విన్నారు. మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు, మీ నాన్న ప్రేమ అలాంటిది బాబూ అని సర్దిచెప్పలేదు. అలా అంటారనే భయపడ్డాను. చాలామంది పెద్దవాళ్ళు అలాగే అంటారు, ఆ మాటతో మన నోరు మూతపడుతుంది. ఆయన చాలాసేపటికి, “జ్వరం తగ్గడానికి ఎన్నాళ్ళు పట్టింది?” అన్నారు. అప్పుడు ఏడ్చాను. ఇరవై ఏళ్ళ కిందటి జ్వరం గురించి మొదటిసారి ఒకరు అడిగారు.

ఇక్కడితో అంతా బాగైపోయిందని రాస్తే కథ అందంగా ఉంటుంది కానీ నిజం కాదు. ఆ తర్వాత కొన్ని వారాలు నేను ఆయనకి అతుక్కుపోయాను. చిన్న విషయానికీ ఫోను చేసేవాణ్ణి. ఆయన మెచ్చుకుంటే ఆ రోజు గడిచేది, ముభావంగా ఉంటే పాడయ్యేది. ఆయన గమనించారు. ఒక సాయంత్రం నడుస్తూ చెప్పారు. “చూడు నాయనా, నేను మీ నాన్నని కాను. ఆయనతో తేలాల్సిన లెక్క నా దగ్గర తేలదు. నువ్వు రావద్దని కాదు, రా. కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంటున్నావు, దానికి చదువుకున్నవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళు.”

ఆ రాత్రి నన్ను గెంటేసినట్టే అనిపించింది. నెల తర్వాత గానీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళలేదు. మాస్టారు ఆ మాట అనకపోయి ఉంటే ఇంకో పదేళ్ళు ఆయన ముఖం చూసి నా విలువ కట్టుకుంటూ ఉండేవాణ్ణని ఇప్పుడు తెలుస్తోంది.

కౌన్సెలర్ నాతో రాయించారు. వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, మనసుని బాధపెట్టిన దాని గురించే, ఏం జరిగిందో, ఏమనిపించిందో రెండూ. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త శాండ్రా బీల్‌తో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగం నుంచి వచ్చిన పద్ధతట. అలా రాసిన విద్యార్థులకి రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. ఈ పద్ధతిలో ఒక షరతు ఉంది, రాసేటప్పుడు అక్షరదోషాల గురించీ వ్యాకరణం గురించీ పట్టించుకోకూడదు. నా బతుకులో అంత కష్టమైన షరతు ఎవరూ పెట్టలేదు. మొదటి రోజు పదిహేను నిమిషాల్లో ఆరు వాక్యాలు రాసి, వాటిలో నాలుగు కొట్టేసి, దిద్దాను. మూడో రోజుకి ఒక ఒత్తు తప్పు పడితే చూశాను, చెయ్యి ఆగింది, దాని కింద చుక్కలు పెట్టి ముందుకెళ్ళాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడూ పట్టలేదు. కొన్ని వారాల తర్వాత పట్టడం మొదలైంది.

కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వశాస్త్రవేత్త గురించి చెప్పింది కూడా ఆ కౌన్సెలరే. మనిషి లోపల మార్పు రావాలంటే ఉండాల్సినవేమిటో రోజర్స్ 1957లో ఒక వ్యాసంలో ఆరు షరతులుగా రాశారు. ఎదుటివాళ్ళని ఏ షరతూ లేకుండా ఆదరించడం, వాళ్ళ లోపలి నుంచి అర్థం చేసుకోవడం, నటన లేకుండా ఉండటం, వీటిని అందరూ చెప్తారు. నన్ను ఆపింది చివరిది. ఆ ఆదరణ, ఆ అర్థం చేసుకోవడం కొంతైనా అవతలి మనిషికి అందాలి. మాస్టారు మొదటి రోజు నుంచీ అలాగే ఉన్నారు. అందుకోవడానికి నాకే అంత కాలం పట్టింది. ఆ నాలుగు రోజుల ఆలస్యం, ఆ ముళ్ళ వెతుకులాట, అన్నీ అందులోవే. రోజర్స్ రాసింది చికిత్స గురించి, మాస్టారు చికిత్సకుడు కారు, ఆ తేడా నాకు తెలుసు. అయినా ఆ ఆరో షరతు దగ్గర మాస్టారే గుర్తొచ్చారు.

మరుసటి ఏడాది ఒకసారి పది రోజుల పాటు ఆయన ఫోను ఎత్తలేదు. నేను పంపిన కట్టకి జవాబు లేదు. పాత యంత్రం మొత్తం మళ్ళీ తిరగడం మొదలెట్టింది. ఏ పేజీలో ఏం చేశాను? ఏమన్నాను? ఐదో రోజు క్షమాపణ ఉత్తరం రాశాను, దేనికో తెలియకుండానే. పంపలేదు. అదొక్కటే ఆ పది రోజుల్లో నేను చేసిన మంచిపని. పదకొండో రోజు వెళ్తే, కంటి ఆపరేషన్ అయిందట, నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. “నీకు చెప్పి ఉండాల్సింది. నువ్వు కంగారు పడతావని తెలిసి కూడా చెప్పలేదు. తప్పు నాది” అన్నారు. నాకన్నా అంత పెద్దవాళ్ళు నాతో ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఆయన చీటీ రాయలేదు, సంజాయిషీ ఇవ్వలేదు, తల దించలేదు. తప్పు, ఒప్పు, అంతే. క్షమాపణ ఇంత చిన్నగా కూడా ఉంటుందా అనిపించింది.

ఆ రోజే 12 చీటీల సంగతి ఎత్తాను. “మీరు అడిగారు కదా, అవి ఎవరికని. మా నాన్నకి” అన్నాను. ఆయన తలూపి, “అందినట్టేనా?” అన్నారు. తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.

దారి చూపే పెద్దవాళ్ళని పిలిచే ‘మెంటార్’ అన్న మాట మాస్టారికి నచ్చదు. ఒక వ్యాసంలో అది వస్తే పెన్సిలు పక్కన పెట్టి కథ చెప్పారు. గ్రీకుల పాత కావ్యంలో మెంటార్ అన్నది ఒక మనిషి పేరు. ఏళ్ళ తరబడి ఇంటికి రాని తండ్రిని వెతుక్కుంటూ కొడుకు బయల్దేరతాడు. అతనికి దారి చూపింది నిజానికి మెంటార్ కాదు, అతని రూపం వేసుకుని వచ్చిన ఎథీనా దేవత. “చూశావా, పని చేసింది ఒకరు, పేరు వచ్చింది ఇంకొకరికి. ప్రూఫు చూసేవాళ్ళకి తెలియని సంగతి కాదులే” అని నవ్వారు. తండ్రిని వెతుక్కునే కొడుకు అన్న మాట దగ్గర మాత్రం నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదని నా అనుమానం.

ఉద్యోగాల్లో ఇలాంటి బంధాల మీద పరిశోధన చేసిన క్యాథీ క్రామ్ 1983లో వీటికి నాలుగు దశలు చెప్పారు. మొదలవడం, పెరగడం, విడిపోవడం, ఆ తర్వాత కొత్త రూపం తీసుకోవడం. చివరి దశలో చాలావరకు అది సమానుల మధ్య స్నేహంగా మారుతుందట. మా విషయంలో విడిపోవడం ఎప్పుడు జరిగిందో చెప్పలేను. “నేను మీ నాన్నని కాను” అన్న సాయంత్రమేనేమో.

ఆపరేషన్ తర్వాత ఆయన ఎక్కువసేపు చదవలేకపోతున్నారు. చివరి చూపు ఇప్పుడు నాది. ఆయన ఈమధ్య తన జ్ఞాపకాలు కొన్ని చెప్తూ ఎవరిచేతో రాయించారు. ఆ కాగితాలూ నాకే వచ్చాయి. పెన్సిలుతో చూశాను. నిన్న తీసుకెళ్తే ఒక చోట ఆగిపోయారు.

“ఇదేమిటి, రాసినతను ‘ప్రాధాన్యత’ అని రాస్తే నువ్వు వదిలేశావు?”

“అందరూ అలాగే అంటున్నారు కదండీ.”

“‘ప్రధానం’ నుంచి ‘ప్రాధాన్యం’ వచ్చింది. అందులోనే భావం ఉంది. మళ్ళీ ‘త’ ఎందుకు? టోపీ మీద టోపీ.”

“వందమందిలో తొంభైమంది పెట్టుకున్న టోపీ మాస్టారూ. వాడుకలో నిలిచిపోయింది.”

“నిలిచిందని తప్పు ఒప్పవుతుందా?”

“భాషలో అయితే అవుతుంది.”

గొంతులు పెరిగాయి. నిఘంటువు తీశాం. పనిలో పనిగా ‘ప్రాముఖ్యత’ కూడా దెబ్బలాటలోకి వచ్చింది. నేను తగ్గలేదు, ఆయనా తగ్గలేదు. చీకటి పడ్డాక, “నువ్వు మొండివాడివయ్యా” అని ఆయన విసుక్కుంటే, “మీ దగ్గరే నేర్చుకున్నాను” అని చెప్పులేసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి దీపం ఆర్పబోతుంటే తట్టింది, గంటసేపు ఆయన మాట కాదన్నానని. కడుపులో ఏమైనా పట్టేసినట్టుందా అని ఒకసారి చూసుకున్నాను. ఏమీ లేదు.

ఆ మాట ఇంకా తేలలేదు. ఆయన పేజీలో దాని పక్కన నేను ‘ఉండనివ్వు’ అని రాసి వచ్చాను. ఈపాటికి ఎవరిచేతైనా కొట్టేయించే ఉంటారు. రేపు వెళ్ళి చూడాలి.